ఆ గీతను ఎవరైనా తెంపి చూశారా?

ఒక ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌లో పదో తరగతి తమ్ముళ్లకు రసాయన బంధం పాఠం చెబుతున్నాం. బోర్డు మీద ఒక ఆక్సిజన్ వేసి, అటొకటి ఇటొకటి హైడ్రోజన్ వేసి, మధ్యలో రెండు గీతలు గీశాం. వెనక వరుసలో కూర్చున్న ఒక తమ్ముడు లేచాడు. “అన్నా, ఆ గీత నిజంగా ఉంటుందా? దాన్ని ఎవరైనా తెంపి చూశారా?” అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. “పరీక్షలో గీత గీస్తే మార్కులొస్తాయి, ముందు అది నేర్చుకో” అన్నాం. వాడు కూర్చున్నాడు. ఆ సాయంత్రం మళ్లీ నోరు విప్పలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మాకు మనసు బాగోలేదు. ఇదే వరండాలో చాపలు పరుచుకుని చదువుకున్నవాళ్లం మేము. చిన్నప్పుడు మేమూ ఇలాంటి ప్రశ్నలే అడిగి, “ముందు బట్టీ పట్టు” అనిపించుకుని కూర్చున్నవాళ్లమే. పెద్దయ్యాక మేమూ అదే మాట అన్నాం. ఆ తమ్ముడికి మేము బాకీపడ్డ జవాబు ఈ వ్యాసం. మిగతా తమ్ముళ్లూ, పూర్వ విద్యార్థి మిత్రులూ కూడా చదువుతారని సంచికకు ఇస్తున్నాం.

జవాబు ముందే చెప్పేస్తాం. గీత మనం పెట్టుకున్న గుర్తు. కాని ఆ గుర్తు చూపించే బంధం నిజం. దాన్ని తెంపారు కూడా. ఒక్కటంటే ఒక్క అణువును ఎంచుకుని, దానిలో కోరిన బంధాన్నే తెంపారు. కొత్త బంధాన్ని కలిపారు. ఆ పనికి వాడిన పనిముట్టు ఎలక్ట్రాన్.

గుంపు లెక్క, ఒక్కడి లెక్క

మన ల్యాబులో రసాయన చర్య అంటే ఏం చేస్తాం? పరీక్షనాళికలో ద్రావణం పోసి వేడి చేస్తాం. రంగు మారితే చర్య జరిగిందంటాం. కాని ఆ నాళికలో ఎన్ని అణువులున్నాయి? ఒక్క నీటి చుక్కనే తీసుకోండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, ఒక చుక్కలోని అణువుల సంఖ్య కోటిని కోటితో గుణించి, దాన్ని మళ్లీ కోటితో గుణిస్తే వచ్చేదానికి ఒకటిన్నర రెట్లకు పైనే. మనం చూసే రంగు, కొలిచే ఉష్ణోగ్రత, లెక్కగట్టే చర్యారేటు అన్నీ ఆ మహా గుంపు సగటులు.

పదో తరగతి ఫలితాలు రాగానే నోటీసు బోర్డు మీద ‘ఇంత శాతం’ అని రాస్తారు కదా. ఆ అంకె అబద్ధం కాదు. కాని ఏ తమ్ముడు ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో అది చెప్పదు. రసాయన శాస్త్రం పరిస్థితీ చాలా కాలం ఇంతే. అణువుల గుంపు ఏం చేసిందో తెలుసు. ఒక్కో అణువు ఏం చేసిందో గుంపును బట్టి ఊహించుకోవలసిందే.

వేడితో ఇంకో చిక్కు ఉంది. వేడి అందరికీ పంచే శక్తి. చింతచెట్టు కొమ్మ పట్టుకుని ఊపితే పండిన కాయా రాలుతుంది, పచ్చికాయా రాలుతుంది, ఆకులూ రాలతాయి. ఏది రాలాలో మన చేతిలో ఉండదు. అదే దోటి పట్టుకుని ఒక్క కాయకు తగిలించి లాగితే ఆ కాయే వస్తుంది. అణువుల లోకంలో అలాంటి దోటి దొరుకుతుందా అన్నదే ప్రశ్న. 1981లో దొరికింది.

గోడ దూకని బంతి

స్విట్జర్లాండులో జ్యూరిచ్ దగ్గరున్న ఐబీఎం పరిశోధనశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1981లో ఒక సరికొత్త మైక్రోస్కోపును పనిచేయించారు. దాని పేరు స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు, పొట్టిగా ఎస్‌టీఎం. దానికే 1986లో వారికి భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏటి బహుమతిలో సగం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిర్మించిన ఎర్నెస్ట్ రుస్కాకు దక్కింది, మిగతా సగం వీరిద్దరికీ.

ఈ మైక్రోస్కోపులో కటకం లేదు, వెలుగు లేదు. ఒక లోహపు సూది మాత్రం ఉంది. దాని మొన ఎంత సన్నగా ఉంటుందంటే, చిట్టచివర ఒకే ఒక్క పరమాణువు ఉన్నట్లు పనిచేస్తుంది. ఆ మొనను లోహపు ఉపరితలానికి ఒక నానోమీటరు దాకా, కొన్నిసార్లు ఇంకా దగ్గరగా, తెస్తారు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మొన ఉపరితలాన్ని తాకదు. మధ్యలో ఖాళీ ఉంటుంది. అయినా చిన్న వోల్టేజీ పెట్టగానే కరెంటు ప్రవహిస్తుంది!

తీగ తెగితే బల్బు ఆరిపోతుందని మనకు తెలుసు. మరి ఇక్కడ ఖాళీని దాటి కరెంటు ఎలా వస్తోంది?

ప్రహరీ గోడ మీదుగా బంతి విసరండి. గోడ ఎత్తుకు సరిపడా ఊపు లేకపోతే గోడకు కొట్టుకుని వెనక్కే వస్తుంది. లక్షసార్లు విసిరినా అంతే. ఎలక్ట్రాన్ అలా కాదు. అది కణం లాగానే కాకుండా తరంగం లాగా కూడా ప్రవర్తిస్తుంది. తరంగం గోడ దగ్గర ఠక్కున ఆగిపోదు. గోడ లోపల వేగంగా సన్నగిల్లుతూ పోతుంది. గోడ చాలా పలుచనిదైతే పూర్తిగా చచ్చిపోకముందే అవతలి వైపు చేరుతుంది. అంటే, దాటడానికి కావలసిన శక్తి లేకపోయినా ఎలక్ట్రాన్ అవతల కనిపించే అవకాశం కొంత ఉంటుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు. సొరంగం అన్న పేరున్నా ఎవరూ రంధ్రం తవ్వరు. గోడ గోడలాగే ఉంటుంది.

ఈ టన్నెలింగ్ కరెంటు దూరానికి మహా సున్నితం. మొనకూ ఉపరితలానికీ మధ్య దూరం 0.1 నానోమీటరు పెరిగితే కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అందుకే కరెంటును గమనిస్తూ మొనను వరుసలు వరుసలుగా నడిపిస్తే ఎక్కడ పరమాణువు ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో తెలిసిపోతుంది. కరెంటు పోయిన రాత్రి గోడ తడుముకుంటూ తలుపు గడియ వెతుక్కుంటాం చూడండి, ఆ పద్ధతే ఇది. కంటితో చూసింది కాదు, తడిమి గీసిన బొమ్మ.

దాటుతూ దాటుతూ ఒక తాపు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రాగి ముక్క మీద ఒక అణువు కూర్చుని ఉంది. దానికి సరిగ్గా పైన సూది మొన ఉంది. మధ్యలో ఒక నానోఆంపియర్ కరెంటు ప్రవహిస్తోంది. మనకు అది లెక్కలోకి రానంత చిన్న కరెంటు. కాని ఎలక్ట్రాన్లు లెక్కపెడితే సెకండుకు దాదాపు 624 కోట్లు. ఇవన్నీ ఆ ఒక్క అణువును దాటుకుంటూ పోతున్నాయి.

వీటిలో ఎక్కువ భాగం అణువును పట్టించుకోవు. ఎంత శక్తితో వచ్చాయో అంత శక్తితోనే అవతలికి చేరతాయి. కొన్ని మాత్రం పోతూ పోతూ అణువుకు ఒక తాపు ఇస్తాయి. తమ శక్తిలో కొంత దానికి వదిలేసి, ఆ మేరకు తక్కువ శక్తితో అవతల దిగుతాయి.

ఆ శక్తిని అణువు ఏం చేస్తుంది? అణువులోని బంధాలు ఇనుప కడ్డీలు కావు, స్ప్రింగుల్లాంటివి. పరమాణువులు వాటి చివర్లలో ఎప్పుడూ కంపిస్తూ ఉంటాయి. అయితే ఈ కంపనాన్ని ఇష్టమొచ్చినంత పెంచలేం. నిచ్చెన మెట్లలా ఒక్కో మెట్టే ఎక్కాలి. ఒక మెట్టు ఎక్కడానికి కావలసిన శక్తి ఒక్కో బంధానికి ఒక్కో విధంగా ఉంటుంది. ఎలక్ట్రాన్ దగ్గర ఆ మెట్టుకు సరిపడా శక్తి ఉంటేనే తాపు పనిచేస్తుంది.

ఎలక్ట్రాన్ దగ్గర ఎంత శక్తి ఉందో ఎవరు నిర్ణయిస్తారు? మనమే. వోల్టేజీ బటన్ మన చేతిలో ఉంది. ఒక వోల్టు పెడితే ఎలక్ట్రాన్ తన దగ్గరున్న దానిలో గరిష్ఠంగా ఒక ఎలక్ట్రాన్ వోల్టు శక్తిని వదలగలదు. 0.3 వోల్టులు పెడితే 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు. మన దోటికి ఇదే పొడవు. వోల్టేజీ పెంచితే దోటి పొడవు పెరుగుతుంది. కరెంటు పెంచితే సెకండుకు ఎన్నిసార్లు తగిలించామన్నది పెరుగుతుంది. ఈ రెండింటికీ తేడా గుర్తుంచుకోండి. వ్యాసమంతా దీని మీదే నడుస్తుంది.

ఇంత చలి ఎందుకు?

ఈ ప్రయోగాలన్నీ భయంకరమైన చలిలో చేస్తారు. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర వేడి వల్ల కలిగే కదలికల శక్తి సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టు స్థాయిలో ఉంటుంది. లోహం మీద కూర్చున్న చిన్న అణువుల్లో చాలావాటికి అటూ ఇటూ పరుగెత్తడానికి అది చాలు. పరుగెత్తే పిల్లవాడికి కొలతలు తీసి చొక్కా కుట్టలేం కదా! ద్రవ హీలియంతో చల్లబరచి 8 కెల్విన్లకు, అంటే దాదాపు మైనస్ 265 డిగ్రీల సెల్సియస్‌కు తెస్తే ఆ శక్తి 0.0007 ఎలక్ట్రాన్ వోల్టుకు పడిపోతుంది. అణువు కూర్చున్నచోటే కూర్చుంటుంది. అప్పుడు ఏ మార్పు జరిగినా అది వేడి పని కాదు, మనం పంపిన ఎలక్ట్రాన్ల పనే అని నమ్మకంగా చెప్పవచ్చు.

గాలి కూడా ఉండకూడదు. గాలిలోని అణువులు క్షణంలో వచ్చి లోహాన్ని కప్పేస్తాయి. అందుకే గాలిని దాదాపు పూర్తిగా తోడేసిన ఉక్కు గదిలో ప్రయోగం చేస్తారు.

బంధానికి గుర్తింపు కార్డు

ఎలక్ట్రాన్ తాపు నిజమేనని రుజువు చేసినవారిలో ముఖ్యుడు విల్సన్ హో. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన విద్యార్థులు స్టైప్, రెజాయీ కలిసి 1998లో ఒక అందమైన ప్రయోగాన్ని ప్రకటించారు.

వారు ఎంచుకున్నది అసిటిలిన్ అణువు. వెల్డింగ్ షాపులో మండే వాయువు అదే. దానిలో రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. రాగి మీద 8 కెల్విన్ల దగ్గర ఒక్క అసిటిలిన్ అణువు మీద మొనను నిలిపి, వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. 358 మిల్లీవోల్టుల దగ్గర కరెంటు నడకలో చిన్న మార్పు కనిపించింది. కార్బన్, హైడ్రోజన్ మధ్య బంధం సాగి ముడుచుకునే కంపనానికి ఒక మెట్టు శక్తి సరిగ్గా అక్కడే ఉంది. అంతవరకూ తాపు ఇవ్వలేని ఎలక్ట్రాన్లకు అక్కడ ఇంకో దారి తెరుచుకుంది.

అది నిజంగా ఆ బంధమేనా అన్న అనుమానం రావాలి. వారికీ వచ్చింది. హైడ్రోజన్‌కు బదులు దానికి రెట్టింపు బరువున్న డ్యుటీరియం గల అసిటిలిన్‌ను పెట్టి చూశారు. బరువు పెరిగితే స్ప్రింగు మెల్లగా ఊగాలి, మెట్టు ఎత్తు తగ్గాలి. అలాగే తగ్గింది. మార్పు 266 మిల్లీవోల్టుల దగ్గర కనిపించింది. తమ్ముడూ, నువ్వు అడిగిన గీతల్లో ఒకదానికి ఇది గుర్తింపు కార్డు. ఒకే ఒక్క అణువులో ఒక బంధాన్ని గుర్తుపట్టారు.

చిల్లికుండ లెక్క

గుర్తుపట్టడం సరే, తెంపడం? అది దానికి ఏడాది ముందే, 1997లో జరిగింది. చేసినవారు ఈ ముగ్గురే.

ఈసారి ఉపరితలం ప్లాటినం, అణువు ఆక్సిజన్. మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులు జంటగా ఉంటాయి. చల్లని ప్లాటినం మీద ఒక ఆక్సిజన్ అణువును వెతికి, మొనను దానిపైన కదలకుండా నిలిపారు. వోల్టేజీ పెట్టి కరెంటును గమనిస్తూ కూర్చున్నారు. కరెంటు కాసేపు నిలకడగా ఉండి, ఉన్నట్టుండి దిగిపోయింది. మళ్లీ మొనను నడిపి బొమ్మ గీస్తే ఒక అణువు ఉన్నచోట రెండు విడి పరమాణువులు కనిపించాయి. బంధం తెగింది!

అసలు గొప్పతనం దీని తర్వాత ఉంది. బంధం ఒక్క ఎలక్ట్రాన్ వల్ల తెగిందా, చాలా ఎలక్ట్రాన్లు కలిసి తెంపాయా? ఎలక్ట్రాన్‌ను కంటితో చూడలేం కదా, ఎలా లెక్కపెట్టాలి?

చిల్లికుండను ఊహించుకోండి. కుండ నిండి పొర్లితే బంధం తెగినట్లు. చిల్లి ఏమిటంటే, లోహం మీది అణువు తనకొచ్చిన కంపన శక్తిని ఎంతోసేపు దాచుకోలేదు. పికోసెకండ్లలోనే లోహానికి వదిలేస్తుంది. పికోసెకండు అంటే సెకండులో లక్ష కోట్లవ వంతు. పెద్ద బిందెతో పోస్తే ఒక్కసారికే కుండ పొర్లుతుంది. చెంబుతో పోస్తే మొదటి చెంబు నీళ్లు కారిపోయేలోపే రెండోది పడాలి. గ్లాసుతో పోస్తే మూడు గ్లాసులు వెంటవెంటనే పడాలి.

ఇప్పుడు కరెంటును రెట్టింపు చేద్దాం. బిందె సంగతిలో బంధం తెగే వేగం రెట్టింపవుతుంది, అంతే. చెంబు సంగతిలో మొదటిది పడే అవకాశం రెట్టింపు, వెనువెంటనే రెండోది పడే అవకాశమూ రెట్టింపు. రెండు రెళ్లు నాలుగు. గ్లాసు సంగతిలో ఎనిమిది రెట్లు. అంటే వేగం కరెంటు మొదటి ఘాతం, రెండో ఘాతం, మూడో ఘాతం ప్రకారం పెరుగుతుంది. వేగాన్ని కొలిస్తే ఘాతం తెలుస్తుంది. ఘాతం తెలిస్తే ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలో తెలుస్తుంది.

హో బృందం కొలిచింది. 0.4 వోల్టుల దగ్గర ఘాతం 0.8 వచ్చింది, 0.3 వోల్టుల దగ్గర 1.8, 0.2 వోల్టుల దగ్గర 2.9. కొలతల్లో ఉండే చిన్న తేడాలు మినహాయిస్తే 1, 2, 3. ఎక్కువ వోల్టేజీ దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ చాలు. తగ్గించితే ఇద్దరు కావాలి. ఇంకా తగ్గించితే ముగ్గురు. ఎనిమిదో తరగతిలో ఘాతాంకాలు ఎందుకు నేర్చుకోవాలని విసుక్కునే తమ్ముళ్లారా, కంటికి కనిపించని ఎలక్ట్రాన్లను లెక్కపెట్టింది ఆ ఘాతాంకాలతోనే.

ఎక్కడ తాకితే ఏమవుతుంది?

ఇంతవరకూ ఎంత శక్తి అన్నదే చూశాం. ఆ శక్తి ఏ కదలికలోకి పోయిందన్నది కూడా ముఖ్యమే. దీన్ని అమోనియా అణువు చూపించింది.

అమోనియా అంటే మన పొలాల్లో వేసే యూరియాకు ముడిసరుకు. అణువు మూడు కాళ్ల పీటలా ఉంటుంది. పైన నైట్రోజన్, కింద మూడు హైడ్రోజన్లు. రాగి మీద కూర్చున్నప్పుడు మాత్రం తలకిందులుగా, నైట్రోజన్‌ను లోహానికి ఆనించి కూర్చుంటుంది. బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హేబర్ సంస్థలో పాస్కువల్, ఆయన సహచరులు ఈ అణువు మీద చేసిన ప్రయోగాలు 2003లో అచ్చయ్యాయి. హేబర్ అంటే గుర్తుందిగా, గాలిలోని నైట్రోజన్ నుంచి అమోనియా తయారుచేసే హేబర్ పద్ధతి ఆయనదే.

వారు కనుగొన్నది ఇది. నైట్రోజన్, హైడ్రోజన్ బంధం సాగే కంపనాన్ని రేపితే అణువు రాగి మీదే పక్కకు జరుగుతుంది. గాలివానకు గొడుగు తిరగబడినట్లు హైడ్రోజన్లు అటు నుంచి ఇటు ఊగే కంపనాన్ని రేపితే అణువు ఉపరితలాన్ని వదిలి ఎగిరిపోతుంది. అదే అణువు, అదే రాగి, అదే సూది. ఏ కంపనాన్ని తట్టామన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయింది. వేడి చేస్తే ఈ ఎంపిక మనకు దొరకదు. వేడి అన్ని కంపనాలనూ ఒకేసారి కదిలిస్తుంది.

తెంపి, జరిపి, కలిపి

తెంపడం ఒక ఎత్తు, కలపడం ఒక ఎత్తు. ఇనుపకమ్మిని ఎవరైనా విరుస్తారు, అతకడానికి పనివాడు కావాలి.

1901లో ఫ్రిట్జ్ ఉల్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక చర్యను ప్రకటించాడు. బెంజీన్ వలయానికి అయోడిన్ లాంటి హాలోజన్ అతికి ఉన్న పదార్థాన్ని రాగి పొడితో కలిపి వేడిచేస్తే, హాలోజన్లు ఊడిపోయి రెండేసి వలయాలు జతకడతాయి. డిగ్రీ రసాయన శాస్త్రంలో ఇది ఉల్‌మన్ చర్యగా వస్తుంది. దాదాపు వందేళ్ల తర్వాత, 2000లో, బెర్లిన్‌లోని ఫ్రీ విశ్వవిద్యాలయంలో సా వై హ్లా, బార్టెల్స్, మేయర్, రీడర్ అనే నలుగురు ఇదే చర్యను రెండే రెండు అణువులతో, 20 కెల్విన్ల చలిలో, అంచెలంచెలుగా నడిపించారు.

మొదటి అంచె. రాగి మీద మెట్టులా ఉన్న అంచును ఆనుకుని కూర్చున్న అయోడోబెంజీన్ అణువు మీద మొనను నిలిపి 1.5 వోల్టులు పెట్టారు. మన టార్చిలైటు సెల్లులో ఉండే వోల్టేజీ అదే! ఎలక్ట్రాన్ల శక్తికి కార్బన్, అయోడిన్ బంధం తెగింది. వలయంలోని గట్టి బంధాలకు ఏమీ కాలేదు. ఆ శక్తి వాటిని తెంపడానికి చాలదు. రెండో అణువుకూ ఇలాగే చేశారు. ఇంత వోల్టేజీ దగ్గర ఎలక్ట్రాన్ ఒక్క తాపు ఇచ్చి పోవడమే కాదు, అణువులోని ఖాళీ ఆర్బిటాల్‌లో ఒక్క క్షణం కూర్చుని, బంధాన్ని బలహీనపరచి కూడా పోగలదు.

రెండో అంచె. అడ్డంగా ఉన్న అయోడిన్‌ను పక్కకు తప్పించి, ఒక వలయాన్ని మొనతో లాగుతూ ఇంకోదాని పక్కకు చేర్చారు. పరమాణువులను ఇలా జరపవచ్చని 1990లోనే ఐబీఎం పరిశోధనశాలలో డాన్ ఐగ్లర్, ఎర్హార్డ్ ష్వైట్జర్ చూపించారు. నికెల్ మీద 35 జీనాన్ పరమాణువులను పేర్చి ఆ కంపెనీ పేరే రాశారు.

మూడో అంచె. పక్కపక్కన చేర్చినంత మాత్రాన వలయాలు కలవలేదు. ఆ చలిలో వాటికి ఆ చివరి చిన్న అడ్డంకి దాటే శక్తి లేదు. మళ్లీ ఎలక్ట్రాన్లనే పిలిచారు. ఈసారి అర వోల్టు సరిపోయింది. వలయాలు జతకట్టాయి.

కలిశాయని నమ్మకం ఏమిటి? దానికీ పరీక్ష పెట్టారు. ఒక చివర పట్టుకుని మొనతో లాగారు. రెండో వలయం కూడా వెనకే వచ్చింది. ముందు పెట్టెను లాగితే వెనక పెట్టె వచ్చిందంటే మధ్యలో కొక్కెం పడినట్లే కదా!

దీని వల్ల లాభమేమిటి?

ఇలా ఒక్కొక్క అణువునూ కలుపుతూ మందులూ ఎరువులూ తయారు చేయవచ్చా అంటే, కుదరదు. సెకండుకు ఒక అణువు చొప్పున మొదలుపెడితే మనం చెప్పుకున్న ఒక్క నీటి చుక్కంత సరుకు తయారవడానికి సుమారు 53 లక్షల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసే దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలు.

లాభం తెలివిడిలో ఉంది. ఎరువుల కర్మాగారంలో అమోనియా ఇనుము ఉపరితలం మీద పుడుతుంది. కార్ల పొగగొట్టాల్లోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినం లాంటి లోహాల మీద విషం పోగొట్టుకుంటుంది. లోహం మీద అణువులు ఏం చేస్తాయో అంచెలంచెలుగా విప్పి చెప్పినందుకే 2007లో గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. విల్సన్ హో, ఆయన సహచరుడు హాన్ 2001లో వెండి మీద ఒక్క కార్బన్ మోనాక్సైడ్ అణువును ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి చూపించారు. పొగగొట్టంలో కోట్లాదిగా జరిగే పనిని ఒక్కసారి, కళ్లెదుట జరిపించడమన్నమాట.

వేరే దారిలో తయారు చేసి చూడడం కష్టమైన అణువులనూ ఈ పద్ధతి చూపించింది. 18 కార్బన్లు మాత్రమే ఉంగరంలా చేతులు పట్టుకున్న అణువు ఉండవచ్చని శాస్త్రవేత్తలు చాలా కాలంగా అనుకునేవారు. ఉంటే ఎలా ఉంటుందో తేలలేదు. పుట్టగానే పక్కవాటితో కలిసిపోయే రకం అది. 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, జ్యూరిచ్ ఐబీఎం పరిశోధకులు రాగి మీద రెండు పొరల ఉప్పు పరిచి, దానిపైన 24 కార్బన్లు, 6 ఆక్సిజన్లు గల అణువును పెట్టారు. సూది మొన నుంచి వోల్టేజీ తాపులిచ్చి ఆరు కార్బన్ మోనాక్సైడ్ ముక్కలను ఊడగొట్టారు. 18 కార్బన్ల ఉంగరం మిగిలింది. దానిలో ఏకబంధం, త్రిబంధం ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయని కూడా తేల్చారు. ఆ ఉప్పు మన వంటింటి ఉప్పే, సోడియం క్లోరైడ్.

ఆ తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. నువ్వు పరీక్షలో గీసే గీత వెనక ఒక స్ప్రింగు ఉంది. దానికి తనదైన కంపనం ఉంది, ఆ కంపనానికి మెట్లున్నాయి. మెట్టు ఎత్తును మిల్లీవోల్టుల్లో కొలిచారు. ఎన్ని ఎలక్ట్రాన్లు తాకితే తెగుతుందో లెక్కపెట్టారు. తెగినవాటిని తెచ్చి కలిపి, లాగి చూసి, కలిసిందని నిర్ధారించుకున్నారు. ప్రతి అంచెలోనూ వారు చేసింది నువ్వు చేసిన పనే. “ఇది నిజమేనా?” అని అడిగారు. డ్యుటీరియం పెట్టి అడిగారు, కరెంటు మార్చి అడిగారు, చివర పట్టుకుని లాగి అడిగారు.

ఆ రోజు మేము నవ్వకుండా ఉండాల్సింది. తెలియకపోతే “తెలుసుకుని వచ్చి చెబుతాం” అని ఉండాల్సింది. తెలుసుకోవడానికి మాకు కొన్ని నెలలు పట్టింది. అందులో సగం సిగ్గు, సగం సంతోషం.

ఈ సంచిక చదివే మిగతా తమ్ముళ్లకు ఒక మాట. వచ్చే ఆదివారం స్టడీ అవర్‌కు మేము మళ్లీ వస్తున్నాం. బోర్డు మీద గీతలు గీస్తాం. వెనక వరుసలో ఎవరు లేచి ఏమడిగినా ఈసారి ఎవరూ నవ్వకూడదు. ముందుగా మేము నవ్వం.